ప్రాజెక్టులో కాపీ ఎక్కడ మొదలవుతుంది?

నెట్‌లో దొరికిన పేరాలో నాలుగు మాటలు మార్చినంత మాత్రాన అది మన రాత అయిపోదు. ఉర్దూ పుస్తకంలోని విషయాన్ని తెలుగులోకో ఇంగ్లీషులోకో తిప్పి రాసి, రచయిత పేరు చెప్పకపోయినా గ్రంథచౌర్యమే. ఇది సాఫ్ట్‌వేర్‌కు దొరక్కపోవచ్చు, ఆ పుస్తకం చదివిన లెక్చరర్‌కు దొరుకుతుంది.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్, డిసర్టేషన్‌లలో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి. 60 దాకా అయితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వనివ్వరు. ఆపైన రిజిస్ట్రేషనే రద్దు! మూలం పేరు చెప్పి, కొటేషన్ గుర్తుల్లో పెట్టిన వాక్యాలు ఈ లెక్కలోకి రావు.

హదీసుకు సనద్ అడుగుతాం కదా, ఎవరు ఎవరి దగ్గర విన్నారని. ఇదీ అంతే. చదివేటప్పుడే పుస్తకం పేరు, పేజీ నంబరు నోట్‌బుక్కులో రాసుకోవాలి. సబ్మిషన్ ముందురోజు రాత్రి వెతికితే దొరకవు.