చోక్

ఇంగ్లీషులో చోక్ అంటే ఊపిరాడకుండా చేయడం. పాత ఇంగ్లీషులో దవడకున్న మాటతో దీనికి చుట్టరికం ఉందంటారు. కార్బురేటరు నోటికి అడ్డంపడి గాలిని బిగబట్టే రేకుకు అంతకన్నా తగిన పేరేముంది? తెలుగులోకి వచ్చాక అది స్కూటరు పిడి దగ్గరే ఆగలేదు. మురుగు గొట్టం పూడుకున్నా మనకు ‘చోక్ అయింది’.

1960ల నాటి ఫోర్డ్ ఎఫ్-100 లాంటి అమెరికన్ పికప్పుల్లో చాలావాటికి చోక్ పిడి డాష్‌బోర్డు దగ్గరే ఉండేది. చలిలో స్టార్టు చేయడానికి పెట్టిందే గానీ, రోగం పట్టుకోవడానికీ అదే పనికొస్తుంది. పెట్రోలు సరిగ్గా మండాలంటే తూకంలో ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి మించితే దాన్నే ‘లీన్’ అంటారు. ప్లగ్గులు తెల్లబడతాయి, కార్బురేటరులోంచి టప్‌మని పేలుతుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తడబడుతుంటే చోక్ కాస్త లాగి చూడాలి. కుదుటపడిందా, అనుమానం తీరినట్టే: బీటలిచ్చిన వ్యాక్యూమ్ గొట్టమో, కార్బురేటరు కింది గ్యాస్కెట్టో గాలి పీలుస్తోంది, లేదా జెట్‌లో చెత్త చేరింది. కొందరు ఘనులు చోక్ అలాగే లాగి ఉంచి తిప్పేస్తారు. అప్పుడు మిగులు పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది.