ప్రతిధ్వనితో సముద్రపు లోతు నెరుగుట



సముద్రముపై జీవించు వారికి రెండు ప్రశ్నలు నిత్యము ఎదురగుచుండును. పడవ క్రింద నీరెంత లోతు గలదు? ఆ నీటిలో చేప యెచ్చట గలదు? మొదటి ప్రశ్నకు పూర్వులు త్రాటితో సమాధానము కనుగొనిరి. త్రాటి కొనకు సీసపు గుండు కట్టి, నీటిలో విడిచి, దిగిన త్రాటిని బారలతో కొలుచుచుండిరి. ఆంగ్ల నావికుల ఫాదమనునదియు మన బార వంటిదే, అది ఆరడుగులు. గుండు అడుగున క్రొవ్వు పూసినచో దానికి ఇసుకయో, బురదయో, గుల్లయో అంటుకొని వచ్చి, అడుగునేల స్వభావమును గూడ తెలుపుచుండెను. ఇట్లు లోతు చూచుటకు ఆంగ్లమున సౌండింగని పేరు. ఈ మాట లోతును పరీక్షించుట యను నర్థము గల ఫ్రెంచి పదమునుండి వచ్చినది. శబ్దమను నర్థము గల సౌండను మాటతో దీనికి పుట్టుకయందు సంబంధము లేదు. అయినను కాలక్రమమున శబ్దమే ఆ త్రాటి పనిని వహించినది. నేడు చేపల పడవలలోని యంత్రములయందు వినవచ్చు వింత మాటలన్నియు ఈ మార్పునుండి పుట్టినవే. చరిత్ర తెలిసినచో ఆ మాటలు సులభముగ బోధపడును.

నీటిలో శబ్ద మెంత వేగముగ పోవునో తెలియనిదే దానితో లోతు కొలుచుటకు వీలులేదు. 1826వ సంవత్సరమున కొల్లాడన్, స్టూర్మ్ అను నిరువురు స్విట్జర్లాండు దేశపు జెనీవా సరస్సునందు దీనిని కొలిచిరి. ఒక పడవనుండి నీటిలో మునిగియున్న గంటను మ్రోగించి, అదే క్షణమున తుపాకిమందును వెలిగించిరి. దూరముననున్న రెండవ పడవలో, ఒక కొన నీటిలో ముంచిన గొట్టమునకు చెవి యొగ్గి, మెరుపునకును గంటమ్రోతకును నడుమ గడచిన కాలమును లెక్కించిరి. సెకనునకు 1435 మీటర్లని తేలినది. ఇది గాలిలోని శబ్దవేగమునకు నాలుగు రెట్లకు మించినది. ఉప్పునీటిలో ఈ వేగము మరికొంత హెచ్చు. సుమారు 1500 మీటర్లు.

1912వ సంవత్సరము ఏప్రిలు మాసమున టైటానిక్ అను మహానౌక మంచుకొండను ఢీకొని మునిగెను. 1500 మందికి పైగా మరణించిరి. చీకటిలో మంచుకొండను ముందుగా పసిగట్టు ఉపాయమేమని పెక్కుమంది యోచించిరి. 1913లో జర్మను దేశస్థుడగు అలెగ్జాండర్ బేమ్ ప్రతిధ్వనితో లోతు నెరుగు విధానమునకు పేటెంటు పొందెను. 1914 ఏప్రిలు 27వ తేదీన రెజినాల్డ్ ఫెస్సెండెన్, న్యూఫౌండ్‌లాండు దీవి చెంతనున్న గ్రాండ్ బ్యాంక్స్ అను మత్స్యక్షేత్రపు ప్రాంతమున, నీటిలో శబ్దమును పంపి, సుమారు రెండు మైళ్ల దూరముననున్న మంచుకొండనుండి తిరిగివచ్చిన ప్రతిధ్వనిని వినెను. సముద్రపు అడుగునుండియు ప్రతిధ్వని వచ్చెను.

ఇంతలో యుద్ధము వచ్చెను. జలాంతర్గాములను కనిపెట్టుటకై ఫ్రాన్సున పాల్ లాంజెవాఁ అను శాస్త్రజ్ఞుడు స్ఫటికపు పలకలను వినియోగించెను. స్ఫటికమును నొక్కినచో విద్యుత్తు పుట్టునని ఆయన గురువగు పియరీ క్యూరీయు, అతని యన్నయు 1880లోనే కనుగొనియుండిరి. విద్యుత్తును శబ్దముగను, తిరిగివచ్చిన శబ్దమును విద్యుత్తుగను మార్చు ఈ సాధనమే నేడు పడవ యడుగున నుండు ట్రాన్స్‌డ్యూసరు. ఈ విద్యను ఆంగ్లేయులు ఆస్డిక్ అని పిలిచిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికనులు సోనార్ అను పేరు పెట్టిరి. శబ్దముచే మార్గమును, దూరమును ఎరుగుట యని దాని భావము.

ఇక తక్కిన మాటలను చూతము. యంత్రము పంపు చిన్న శబ్దపు తునకకు పింగ్ అని పేరు. అది అడుగును తాకి తిరిగివచ్చుటకు సెకనులో 25వ వంతు పట్టినచో, శబ్దము పోయివచ్చిన దూరము 60 మీటర్లు. అందు సగము, అనగా 30 మీటర్లు లోతు. ఫ్రీక్వెన్సీ యనగా సెకనునకు కలుగు కంపనముల సంఖ్య. పడవలలో తరచుగా 50 వేలు, 2 లక్షలు అను రెండు సంఖ్యలు వాడుకలోనున్నవి. ఇవి మన చెవికి వినబడవు. తక్కువ సంఖ్య గలది లోతునకు చొచ్చుకొనిపోవును. ఎక్కువ సంఖ్య గలది లోతు తక్కువైన నీటిలో వివరముగ చూపును. ఈ శబ్దము క్రిందికి పోవుకొలది శంఖువువలె వెడల్పగును. గెయిన్ అనగా తిరిగివచ్చిన శబ్దమును పెద్దది చేయు పాలు. అది మిక్కిలి హెచ్చైనచో తెరయంతయు చుక్కలతో నిండును. తగ్గినచో చిన్న చేప మరుగుపడును.

చేపల విషయమున ఈ విద్యకు గట్టి యాధారము 1935లో లభించెను. నార్వే దేశపు ఆస్కార్ సుండ్ లోఫోటెన్ దీవుల చెంత కాడ్ అను చేపల గుంపుల ప్రతిధ్వనులను కాగితముపై నమోదుచేసి ప్రకటించెను. 1948లో జపానుదేశపు నాగసాకి ప్రాంతమున ఫురునో సోదరులు జాలరులు కొని వాడుకొనదగిన యంత్రమును సిద్ధము చేసిరి. చేప శరీరములోని గాలితిత్తియే శబ్దమును మిక్కిలిగా త్రిప్పికొట్టును. సొరచేపకు అట్టి తిత్తి లేదు. కావున ప్రతిధ్వని బలమునుబట్టి మాత్రమే చేప పరిమాణమును నిర్ణయింపరాదు. తెరపై విల్లువలె కానవచ్చు గీత చేప యాకారము కాదు. చేప శంఖువు అంచున ప్రవేశించి, నడుమకు వచ్చి, మరల అంచునకు పోవునప్పుడు మారిన దూరముల గీత యది. సాధారణముగ తెర కుడి యంచున నుండునదే ఇప్పటి సంగతి. ఎడమనున్నదంతయు గడచిన సంగతి.

కడపటి మాట ముఖ్యమైనది. ఫెస్సెండెన్ ప్రతిధ్వనిని వినిన గ్రాండ్ బ్యాంక్స్ ప్రాంతమున జనులు సుమారు 500 ఏండ్లు కాడ్ చేపను పట్టి జీవించిరి. పెద్ద ట్రాలరు ఓడలు వచ్చిన పిమ్మట 1968లో ఎనిమిది లక్షల టన్నులకు పైగా పట్టబడెను. చేప తగ్గిపోవుచున్నను, మిగిలిన గుంపులను యంత్రములు వెదకి చూపుచుండుటచే ఆ యోడల వలలు నిండుచునే యుండెను. ఆ పట్టుబడిని చూచి అధికారులు సముద్రమున చేప సమృద్ధిగా గలదని లెక్క వేసిరి. 1992 జూలై 2వ తేదీన కెనడా ప్రభుత్వము ఆ వేటను నిలిపివేసెను. సుమారు 30,000 మంది జీవనాధారము కోల్పోయిరి. 2024లో 18,000 టన్నుల పరిమితితో ఆ వేటను మరల అనుమతించిరి. ఆ వినాశమునకు యంత్రమొక్కటియే కారణము కాదు. పెద్ద వలలును, అత్యాశయు, తప్పు లెక్కలును కారణములే.

చేప యెచ్చట గలదను ప్రశ్నకు యంత్రము బదులు చెప్పును. సముద్రమున ఇంకెంత మిగిలియున్నది, రేపటికెంత విడువవలెను అను ప్రశ్నలకు అది బదులు చెప్పదు. ఆ లెక్కను ఊరి పెద్దలును, ప్రభుత్వములును, వేటకు పోవువారును కలిసి చూచుకొనవలసినదే.