గమ్‌కి మాటల ఇలాజ్

మఠంపల్లి వైపు ఎవరికైనా దిల్ బాగోలేకపోతే ‘డిప్రెషన్’ అని చెప్పుకోరు. గుండెల్లో దడ అంటారు, నిద్ర పట్టడం లేదంటారు, ఘబ్రాహట్ అంటారు, నజర్ తగిలిందంటారు. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు పోయి మొక్కుకుంటారు. జనవరిలో జరిగే ఆ ఉర్సుకు మనోళ్లే కాదు, హిందువులూ పెద్ద ఎత్తున వస్తారు. ఈ చుట్టుపక్కల సైదులు, సైదమ్మ అనే పేర్లు అందరి ఇళ్లలోనూ వినిపించేది అందుకే. అంటే గమ్ చెప్పుకోవడానికి వీళ్లకి ఒక చోటు, ఒక జబాన్ ముందునుంచే ఉన్నాయి. మాటలతో ఇలాజ్ చేయాలనుకునే డాక్టర్ ముందు ఆ జబాన్ నేర్చుకోవాలి.

ఈ ఇలాజ్ తారీఖ్ ఫ్రాయిడ్‌తో మొదలైందనుకుంటారు చాలామంది. బల్ఖ్‌కి చెందిన అబూ జైద్ అల్-బల్ఖీ (850–934) ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ కితాబులో హుజ్న్‌ని రెండు రకాలుగా విడదీశాడు. ఆత్మీయులు పోయినప్పుడో, ఆస్తి పోయినప్పుడో వచ్చేది ఒకటి. సబబ్ తెలియకుండా కమ్మేసేది ఇంకొకటి. రెండోదాని మూలం శరీరంలో ఉందని, దానికి దవా ఇవ్వమన్నాడు. మొదటిదానికి బయటినుంచి నసీహత్, లోపలినుంచి తన ఆలోచనని తానే సరిదిద్దుకోవడం. తబియత్ బాగున్నప్పుడే మంచి ఆలోచనలు దాచిపెట్టుకోమన్నాడు, ఇంట్లో మందులు దాచుకున్నట్టు!

ఆలోచనని సరిదిద్దే పద్ధతినే 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ తన దారిలో కట్టాడు. అది మన దేశాలకు వచ్చేసరికి చిక్కొచ్చింది. పేషెంట్ ఒంటరిగా కూర్చుని తన గురించి తాను నిర్ణయించుకుంటాడని ఆ పద్ధతి అనుకుంటుంది. మన కోడలు పిల్ల అలా ఎక్కడ కూర్చుంటుంది? పశ్చిమ దేశాల సైకాలజీని కళ్లు మూసుకుని నకల్ చేయొద్దని సూడాన్‌కి చెందిన మాలిక్ బద్రీ 1979లోనే కితాబు రాశాడు.

ఆ చిక్కుని అమల్లో విప్పింది రావల్పిండి పల్లెలు. అక్కడ డాక్టర్ ఆతిఫ్ రెహ్మాన్ బృందం మన ఆశా కార్యకర్తల్లాంటి ఆడవాళ్లకు తర్ఫీదు ఇచ్చింది. వాళ్లు గర్భిణుల ఇళ్లకు పోయి ‘నీకు దిమాగీ బీమారీ ఉంది’ అనలేదు. బిడ్డ సెహత్ గురించి మాట్లాడదాం అన్నారు. దాంతో సాస్‌కీ అభ్యంతరం లేకపోయింది, ఆమె కూడా వచ్చి కూర్చుంది. చదువు లేనివారికి బొమ్మలు చూపించారు. ‘నా నసీబే ఇంత’ అనే ఆలోచన పక్కన, ఈరోజు చేయగలిగే చిన్న పని ఒకటి పెట్టారు. మొత్తం 16 సార్లు ఇంటికి వెళ్లారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. అన్నేసార్లు ఇంటికి వెళ్లినా ఈ ఇలాజ్ ఇవ్వని తల్లుల్లో అది 53 శాతం. 2008లో ‘లాన్సెట్’ పత్రిక ఈ లెక్కలు అచ్చువేసింది.

ఇక దర్గాల సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడి దర్గా దగ్గరి ఒక ఆశ్రమంలో మంటలొచ్చి, గొలుసులతో కట్టేసిన 28 మంది పారిపోలేక చనిపోయారు. దాన్ని చూపించి దర్గాలకు పోవడమే జహాలత్ అనేవాళ్లున్నారు. నాకు ఆ మాట నచ్చదు. తప్పు గొలుసుది. గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి ‘దవా, దువా’ పథకం నడిచింది. ముజావర్లకు బీమారీ గుర్తుపట్టడం నేర్పారు. దువా చేశాక వాళ్లే అదే ఆవరణలో ఉన్న డాక్టర్ దగ్గరికి పంపేవారు.