రెండు ఏనుగుల మధ్య రాచకొండ

హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ళకి రాచకొండ అంటే 2016లో పెట్టిన పోలీస్ కమిషనరేటే గుర్తొస్తుంది. అదొక రాజ్యమని చెబితే "ఎక్కడ?" అంటారు. తప్పు మనది కాదులెండి, స్కూలు పాఠాల్లో కాకతీయుల తర్వాత నేరుగా గోల్కొండకి దూకేస్తాం కదా!

1323లో ఓరుగల్లు పడిపోయాక ముసునూరి నాయకులు దాన్ని తిరిగి గెలిచారు. 1347లో బహమనీ రాజ్యం పుట్టింది. ఆ ఒత్తిడికి కాపయ నాయకుడు కౌలాస్, తర్వాత గోల్కొండ వదులుకోవాల్సొచ్చింది. 1368 ప్రాంతంలో రేచర్ల అనపోత నాయకుడు భీమవరం యుద్ధంలో కాపయని ఓడించి చంపాడు. అనపోత రాచకొండలో, తమ్ముడు మాదా నాయకుడు దేవరకొండలో పాలించారు. రెండూ పాత నల్లగొండ జిల్లాలోవే.

గెలుపు బాగానే ఉంది. కానీ బహమనీలకీ తమకీ మధ్య ఉన్న అడ్డుగోడని తామే కూల్చుకున్నారు! దక్షిణాన విజయనగరం, తూర్పున కొండవీటి రెడ్లు. మరేం చేస్తారు? బహమనీలతో స్నేహం చేశారు. రెండో హరిహర రాయల సైన్యం మీదకొస్తే ఆ సాయంతోనే నిలబడ్డారు. తర్వాత ఫిరోజ్ షా పానగల్ కోటని ముట్టడించినప్పుడు విజయనగరం వైపు తిరిగారు. 1420 ప్రాంతంలో ఫిరోజ్ ఘోరంగా ఓడిపోయాడు.

దీన్ని అవకాశవాదం అనేవాళ్ళున్నారు. నాకైతే చిన్న రాజ్యానికి వేరే దారి కనబడట్లేదు.

ఉరుగ్వేదీ ఇదే కథ. బ్రెజిల్, అర్జెంటీనా దానికోసం కొట్టుకుని, 1828లో బ్రిటన్ మధ్యవర్తిత్వంతో ఇద్దరూ వదిలేశారు. మూడోవాడికి కూడా అది విడిగా ఉండటమే లాభం కాబట్టి బతికిపోయింది.

రాచకొండకి అలాంటి మూడోవాడు దొరకలేదు. అహ్మద్ షా 1425 ప్రాంతంలో ఓరుగల్లు తీసుకున్నాడు, 1430ల్లో రాచకొండా పోయింది. దేవరకొండ లింగమ నాయకుడు మాత్రం లొంగలేదు. 1459 ప్రాంతంలో బహమనీ సైన్యం చుట్టుముడితే ఒడిశా గజపతుల్ని పిలిచాడు. కోటలోంచి వీళ్ళు, బయటనుంచి వాళ్ళు.. బహమనీలు చిత్తుగా ఓడారు. అయితే 1460కల్లా ఓరుగల్లులో జెండా గజపతులది!

సాయానికొచ్చిన పెద్దవాడు తిరిగి వెళ్ళిపోవాలంటే, వెళ్ళడంలో వాడికీ లాభం ఉండాలి. ఉరుగ్వే విషయంలో ఉంది, దేవరకొండ విషయంలో లేదు. అంతే తేడా. ధైర్యంలో మాత్రం మనవాళ్ళు ఎవరికీ తీసిపోలేదు.

వీలైతే ఓ ఆదివారం రాచకొండ గుట్టలెక్కి రండి. సిటీకి దగ్గరే.