రేకుకు కిటికీలు

మన యానానికి రైలు లేదు. ఫ్రెంచివారి ఏలుబడిలో లేదు, 1954 తర్వాతా రాలేదు. దగ్గర్లో కాకినాడ–కోటిపల్లి లైను 1928లో పడింది. యుద్ధం రోజుల్లో, 1940లో, పట్టాలు పీకి పట్టుకుపోయారు. మా నాన్నగారు చిన్నతనంలో ద్రాక్షారామానికి ఆ బండిలోనే వెళ్లారట. కిటికీ దగ్గర చోటు దొరికిన సంగతి ఎన్నిసార్లు చెప్పేవారో!

రిటైరయ్యాక, ఆయన చెప్పిన గుర్తులతో, ఆ పెట్టెను 87వ వంతు కొలతకు నూనె డబ్బా రేకుతో చేయబూనాను. చిక్కంతా కిటికీల దగ్గరే. మొదట ఉలితో కొట్టాను. కిటికీల మధ్య సన్న పట్టీలన్నీ వంకరపోయాయి. మా వీధిలో బంగారప్పని చేసే ఆయన చూసి నవ్వారు. "రేకును చెక్కకు బిగించండి. గీతకు లోపలగా మూలల్లో బెజ్జాలు వేసి, మా సన్న రంపం బ్లేడు దూర్చి కోయండి. గీత దాకా ఆకురాయితో అరగదీయండి. వంచడం కిటికీలన్నీ అయ్యాకే" అన్నారు. అర మిల్లీమీటరు ఎక్కువ అరిగితే అసలు బండిలో నాలుగు సెంటీమీటర్లు దాటిన తేడా! గుమాస్తా కన్ను, సహించదు. రెండు రేకులు పారేశాను.

కోటిపల్లి లైను 2004లో మళ్లీ వేశారు. అప్పటికి నాన్నగారు లేరు. పెట్టెకు ఒక వైపు పూర్తయింది. రెండో వైపు ఇంకా నాలుగు కిటికీలు కోయాలి.