బ్రిటన్‌లో పెరటి పక్షులకు శీతకాలపు మేత

ఆకులు రాలే రోజుల నుంచి వసంతం దాకా పెరట్లో వాలే పక్షులకు గింజలు, కొవ్వు, వేరుసెనగపప్పు పెట్టడం బ్రిటన్‌లో ఇంటింటి అలవాటు. దాని వెనక ఉన్న అవసరం సూటిగా లెక్కకు అందుతుంది. బ్లూ టిట్ పిట్ట బరువు 11 గ్రాములకు అటూఇటూ. డిసెంబరు చివర లండన్‌లో పగలు సుమారు ఎనిమిది గంటలే. ఆ కాసేపట్లో తిన్నదే పదహారు గంటల చలిరాత్రిని దాటించాలి. నేల గడ్డకడితే పురుగూ పుట్రా కూడా దొరకవు.

1890–91 చలికాలం చాలా కఠినంగా గడిచింది. పక్షులకు ఏదైనా వెయ్యమని పత్రికలు జనాన్ని కోరాయి. తర్వాతి చలికాలాల్లో మధ్యాహ్నపు విరామవేళ కూలీలు, కుర్రాళ్లు థేమ్స్ ఒడ్డున చేరి తమ భోజనంలో మిగిలింది గల్ పక్షులకు విసిరేవారని ప్రకృతి రచయిత డబ్ల్యూ.హెచ్. హడ్సన్ రాశాడు. టోపీల్లో ఈకల అలంకరణను నిరసిస్తూ ఎమిలీ విలియమ్సన్ 1889లో మాంచెస్టర్ దగ్గర మొదలుపెట్టిన సంఘం 1904లో రాజశాసనం పొంది ఆర్‌ఎస్‌పీబీ అయింది. 1910 నాటికి ‘పంచ్’ పత్రిక పక్షులకు మేత పెట్టడాన్ని జాతీయ కాలక్షేపం అనేసింది.

మనుషులు పెట్టినదాంతో పక్షులు తృప్తిపడలేదు. గుమ్మం ముందు పాలవాడు పెట్టి వెళ్లిన సీసాల మూతలు చించి మీగడ తాగడం టిట్‌లు నేర్చాయి. ఇది మొదట 1921లో సౌతాంప్టన్ దగ్గరి స్వేత్లింగ్‌లో నమోదైంది. ఆ విద్య ఊరూరా ఎలా పాకిందో పరిశోధకులు జేమ్స్ ఫిషర్, రాబర్ట్ హైండ్ 1949లో వివరించారు.

తొలినాళ్ల మేత వంటింట్లో మిగిలిన రొట్టె, మాంసపు కొవ్వు. తర్వాత వలసంచుల్లో వేరుసెనగపప్పు, ఆపైన నల్ల పొద్దుతిరుగుడు గింజలు వచ్చాయి. గోల్డ్‌ఫించ్ పిట్టలు ఇష్టపడే ‘నైజర్’ గింజ తెలుగువారికి కొత్తది కాదు: అరకు లోయలో పసుపుపచ్చగా పూసే వలిసెలే అది. భారత్ నుంచి విదేశాలకు పక్షి మేతగానూ ఎగుమతవుతుంది.

తోటల్లో ఏ పక్షులు మేతకొస్తున్నాయో 1970 నుంచి పక్షుల అధ్యయన సంస్థ బీటీఓ లెక్కగడుతోంది. 1979లో పిల్లల కార్యక్రమంగా మొదలైన ఆర్‌ఎస్‌పీబీ ‘బిగ్ గార్డెన్ బర్డ్‌వాచ్’ ఏటా జనవరిలో జరుగుతుంది. బీటీఓ లెక్కల ఆధారంగా 2019లో వచ్చిన అధ్యయనం పెద్ద మార్పునే చూపింది. 1970ల మొదట్లో మేతకొచ్చే పక్షుల్లో సగానికి పైగా రెండే జాతులు: స్టార్లింగ్, మన పిచ్చుక. తర్వాతి నలభై ఏళ్లలో ఆ వాటాను పంచుకునే జాతులు మూడింతలయ్యాయి. గోల్డ్‌ఫించ్ మొదట్లో నూటికి 8 తోటల్లో కనిపిస్తే, ఆ నలభై ఏళ్ల చివరికి 87 తోటల్లో కనిపించింది.

వలస పక్షుల తీరూ మారింది. మధ్య ఐరోపా బ్లాక్‌క్యాప్ పిట్టలు చలికాలానికి మధ్యధరా వైపు వెళ్లేవి. వాటిలో కొన్ని 1960ల నుంచి బ్రిటన్ దారి పట్టాయి. ఆ దిశ పిల్లలకు వంశపారంపర్యంగా వస్తుందని పక్షిశాస్త్రవేత్త పీటర్ బెర్తోల్డ్ బృందం 1992లో నిరూపించింది. ఆ పక్షులు బ్రిటన్‌లో నిలదొక్కుకోవడానికి తోటల్లోని మేత, వెచ్చబడిన శీతకాలాలు రెండూ తోడ్పడ్డాయి.

ఒకే పళ్లెం చుట్టూ గుంపు చేరితే రోగమూ చేరుతుంది. ఎంగిలి గింజల ద్వారా, నీటి ద్వారా పాకే ట్రైకోమోనోసిస్ 2005 నుంచి గ్రీన్‌ఫించ్‌లను ఊడ్చేసింది. 2021లో ఆ పిట్ట బ్రిటన్ పక్షుల ఎర్ర జాబితాకెక్కింది. మేతగిన్నెలను తరచూ కడిగి ఆరబెట్టాలని, నీళ్లు రోజూ మార్చాలని, జబ్బుపడ్డ పక్షి కనిపిస్తే కొన్నాళ్లు మేత ఆపాలని నిపుణులు చెబుతున్నారు. 2025 మొదట్లో ఆర్‌ఎస్‌పీబీ బల్లపరుపు మేతపళ్లేల అమ్మకాన్ని నిలిపేసింది.