దుమ్ముగూడెం కోయ మిషన్ చరిత్ర - నేటి సంఘానికి ఒక ప్రశ్న

భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున ఉన్న దుమ్ముగూడెం సంఘ చరిత్రను మనం సాధారణంగా మిషనరీల పేర్లతో, సంవత్సరాలతో ముగించేస్తాం. అయితే ఆ చరిత్ర కాపరులమైన మన ముందు ఒక ప్రశ్న ఉంచుతోంది. వెలుపల ఉన్నవారిని సంఘంలో చేర్చుకోవడమంటే రమ్మని పిలవడమా, వారున్న చోటికి వెళ్లడమా?

1860లో భద్రాచలం తాలూకా నిజాం నుండి బ్రిటిష్ పాలనలోకి వచ్చింది. ఎగువ గోదావరిలో పడవలు నడిపేందుకు దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, కాలువ పనులు సాగుతున్న కాలమది. ఆ పనుల ఇంజనీరు కెప్టెన్ హేగ్ చుట్టుపక్కల అడవుల్లోని కోయలకు సువార్త అందాలని చర్చ్ మిషనరీ సొసైటీని కోరారు. అక్కడే ప్రభుత్వోద్యోగిగా ఉంటూ క్రీస్తును అంగీకరించిన వెంకటరామరాజు గారు ఉద్యోగం విడిచి ఆ సేవకు తనను తాను అప్పగించుకొన్నారు. 1871లో ప్రభుత్వం నౌకాయాన పథకాన్ని విరమించుకొంది. పనులు ఆగిపోయినా సేవ ఆగలేదు. కోయలు మొదట గమనించిన సాక్ష్యం బహుశా ఇదే కావచ్చు.

తరువాత వచ్చిన జాన్ కెయిన్ గారు కోయల భాషను, ఆచారాలను శ్రద్ధగా తెలుసుకొని, 1876 నుండి ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో వాటిని గూర్చి వ్రాశారు. లూకా సువార్త కోయ భాషలోకి 19వ శతాబ్దంలోనే వచ్చింది. బోధించడానికి వెళ్లినవారు ముందు నేర్చుకొనేవారయ్యారు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య గారు కూడా తిరునెల్వేలి ప్రాంతం నుండి వచ్చి తెలుగు నేర్చుకొన్నవారే. సంఘంలో కులభేదానికి చోటు లేదని ఆయన బోధించారు.

నేడు మన సంగతేమిటి? 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని హింస వలన వేలాది ఆదివాసీలు ఈ సరిహద్దు అడవుల్లోకి వలస వచ్చారు. మనం గొత్తికోయలని పిలుస్తున్నది వారినే. వారిలో చాలామందికి భూమికి పట్టా లేదు, కుల ధ్రువపత్రం లేదు. ఇక్కడి కోయలకు వారు భాషలోను, బంధుత్వంలోను దగ్గరివారు. అయినా వారి గూడేలు మన ఆరాధన స్థలాలకు ఎంత దూరంలో ఉన్నాయో, మన మనసులకు అంతకంటె దూరంగా ఉన్నాయి. ఒకప్పుడు చేర్చుకోబడినవారి పిల్లలమే నేడు తలుపు దగ్గర కాపలా ఉన్నామా అని మనల్ని మనం పరీక్షించుకోవాలి.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రు అనుదిన పరిచర్యలో చిన్నచూపుకు గురయ్యారు. అపొస్తలులు సణిగినవారిని గద్దించలేదు. ఏర్పరచబడిన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే నిర్లక్ష్యానికి గురైన వర్గానికే వడ్డించే బాధ్యత అప్పగించారు. చేర్చుకోవడం అక్కడ పూర్తి అయింది.

కాబట్టి వలస గూడేనికి బియ్యం, దుప్పట్లు తీసుకొని క్రిస్మస్‌కు ఒకసారి వెళ్లి రావడంతో మన పని తీరిపోదు. వారి భాషలో ఒక పాట, ఒక వాక్యభాగం మన ఆరాధనలో వినబడాలి. సహాయానికి బాప్తిస్మం షరతు కాకూడదు. పిల్లల బడి, వైద్యం, పత్రాల విషయంలో కాపరి వారితో కలిసి ఆఫీసు మెట్లెక్కాలి. విశ్వాసంలోకి వచ్చినవారు చాప చివర కూర్చొనేవారుగానే మిగిలిపోక, సంఘ కమిటీలోను, పరిచర్యలోను పాలివారు కావాలి. దుమ్ముగూడెంలో తొలి సేవకులు నాటినదానిని మనం ముందుకు తీసుకొనిపోయే మార్గమిదే.